మూడు పార్సిళ్ల బిల్లు

ఐదో సెమిస్టర్ మినీ ప్రాజెక్టుకి మేం నలుగురం హాస్టల్ మెస్ క్యూ మీద పడ్డాం. వార్డెన్ గారి పర్మిషన్‌తోనే లెండి. రెండు కెమెరాలు ఐదు సెకన్లకో ఫోటో తీసి క్లౌడ్‌కి పంపుతాయి. అక్కడ ఒక ప్రోగ్రామ్ తలలు లెక్కపెడుతుంది, ఒకటి ఎంతసేపు నిలబడాలో అంచనా వేస్తుంది, ఇంకొకటి ఫోటోలు దాస్తుంది. ఆ మూడూ మిగతా ముగ్గురివి. కెమెరాలు నావి, కార్డు మా నాన్నది. ఐదారొందలు అవుతుందని లెక్కేసుకుంటే నెలాఖరుకి మూడున్నర వేలు వచ్చింది.

మెసేజింగ్ సర్వీసు వాడనివాళ్ల కోసం రెండు ముక్కలు. పంపేవాడు 'టాపిక్'లో మెసేజ్ పడేస్తాడు. దానికి సబ్‌స్క్రయిబ్ అయిన ప్రతి 'క్యూ'కీ ఒక్కో కాపీ వెళ్తుంది. చదివేవాడు తన క్యూలోంచి తీరిగ్గా తీసుకుంటాడు. నా టాపిక్ ముంబై రీజియన్‌లో పెట్టాను. మావాళ్లు క్యూలు తయారు చేసిన రోజు స్క్రీన్ పైమూల వర్జీనియా అని ఉంది. ఎవరూ మార్చలేదు. క్యూ అడ్రస్ ఇస్తే చాలు, వేరే రీజియన్ అయినా టాపిక్ కలిసిపోతుంది. ఎర్రర్ వచ్చుంటే ఆ రోజే పట్టుకునేవాళ్లం. రాలేదు, చక్కగా పనిచేసింది.

బిల్లులో మెసేజ్‌ల ఖర్చు మేం అనుకున్నంతే. దాని కింద 'డేటా ట్రాన్స్‌ఫర్' అని వేరే లైను ఉంది, దెబ్బ అక్కడ పడింది. డేటా లోపలికి రావడం ఫ్రీ అని అందరం చదువుకున్నాం. నిజమే, కెమెరా నుంచి ముంబైకి ఫ్రీ, వర్జీనియాలో దిగడం కూడా ఫ్రీ. ముంబై గడప దాటి బయటికి వెళ్లడానికే డబ్బులు.

లెక్క చూడండి. ఫోటో 90 కేబీ. మెసేజ్‌లో టెక్స్టే పట్టేది కాబట్టి బేస్64లోకి మార్చాం, దాంతో మూడో వంతు పెరిగి 120 అయింది. రెండు కెమెరాలకి రోజుకి 34,560 ఫోటోలు, నెలకి సుమారు 124 జీబీ. (అర్ధరాత్రి ఖాళీ మెస్‌కి కూడా ఫోటోలు తీశాం, అది నా తెలివి.) మూడు క్యూలు కాబట్టి అదే ఫోటో మూడుసార్లు సముద్రం దాటింది: 373 జీబీ. జీబీకి 8 సెంట్ల చొప్పున దాదాపు 30 డాలర్లు, జీఎస్టీతో కలిపి మూడు వేలు.

నాన్నకి ఇదంతా వివరిస్తే ఆయన అడిగింది ఒక్కటే: "మెస్సు మీ హాస్టల్లోనే ఉంది కదరా, ఫోటోలు అమెరికా ఎందుకెళ్లాయి?"

డల్లాస్‌లో ఒకే ఫ్లాట్‌లో ఉండే ముగ్గురికి ఆవకాయ పంపాలంటే మూడు పార్సిళ్లు కడతామా? ఒకటే పంపి అక్కడ పంచుకోమంటాం. పైగా ఆవకాయకైతే బరువు తగ్గదు. ఇక్కడ ఒకే సరుకు కాబట్టి ఒక్క కాపీ దాటించి, వర్జీనియాలోనే ఇంకో టాపిక్ పెట్టి మూడుగా చీల్చినా ఖర్చు మూడో వంతుకి పడేది. మాకు అదీ అక్కర్లేదు, అందరినీ ముంబైకి మార్చేశాం. దానికన్నా ముఖ్యమైన మార్పు, ఫోటోని ముంబైలోనే స్టోరేజ్‌లో పెట్టి మెసేజ్‌లో దాని పేరు మాత్రం పంపడం. ఇప్పుడు మెసేజ్ 200 బైట్లు కూడా లేదు. కానీ చదివే ప్రోగ్రామ్ వేరే రీజియన్‌లో ఉంటే ఈ ఉపాయం పనిచేయదు, ఫోటో తెచ్చుకునేటప్పుడు అదే చార్జీ మళ్లీ పడుతుంది. ఒకే దేశంలో ఉన్నా సరే, ముంబై, హైదరాబాద్ రెండు వేర్వేరు రీజియన్లే.

బడ్జెట్ అలర్ట్ పెట్టాం కదా అనుకోకండి. అది మెయిల్ పంపుతుందే గానీ సర్వీసుని ఆపదు. మా అలర్ట్ ఎవరూ తెరవని ప్రాజెక్టు మెయిల్‌కి వెళ్లింది.

తలా 875 నాన్నకి ఇచ్చేద్దాం అనుకున్నాం. ఒకడిది ఇంకా రావాలి. వాడు ఈ మ్యాగజైన్ చదువుతాడు.