మనిషి మారిపోతుంటే ఎన్నాళ్లు చూడాలి? (సందేహాలు - సమాధానాలు)

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అబ్బాయి విజయవాడ దగ్గర హాస్టల్లో ఉండి సీనియర్ ఇంటర్ చదువుతున్నాడు. దసరా సెలవులకు ఇంటికొచ్చినప్పటి నుంచి మనిషి మనిషిలా లేడు. ఫోన్ కెమెరా మీద ప్లాస్టర్ అంటించాడు. నేను వండింది ముట్టడు. తనే ఉడకబెట్టి తనే ఒలుచుకున్న కోడిగుడ్డయితేనే తింటాడు. రాత్రంతా గదిలో ఎవరితోనో మాట్లాడుతుంటాడు. గాలి సోకిందని మా అత్తగారు, చదువు ఒత్తిడని మావారు అంటున్నారు. ముందు మోపిదేవిలో పూజ చేయించి, పరీక్షలయ్యాక డాక్టరుకు చూపిద్దామనుకుంటున్నాం. ఆగవచ్చా?
- ఒక తల్లి, పామర్రు

జవాబు: ఆగవద్దమ్మా. మీరు రాసినవాటిలో ఒక్కొక్కటీ విడిగా చూస్తే కుర్రతనమనో, చదువు భారమనో సరిపెట్టుకోవచ్చు. ఇదివరకు అలా లేని పిల్లవాడిలో కొద్ది రోజుల్లోనే అన్నీ కలిసి కనిపించాయంటే సైకోసిస్ మొదలవుతోందేమోనని అనుమానించాలి. లేని మాటలు వినిపించడం, ఎవరో కీడు తలపెట్టారని గట్టిగా నమ్మడం, మాటకూ మాటకూ పొంతన లేకపోవడం దీని ముఖ్య లక్షణాలు. చాలామందికి 15 నుంచి 30 ఏళ్ల మధ్య మొదలవుతుంది. మన పిల్లలు ఇల్లు వదిలి గూడవల్లి, పోరంకి, నిడమానూరు హాస్టళ్లలో చేరేది సరిగ్గా ఈ వయసు మొదట్లోనే. అందుకే జబ్బు తొలి జాడలు ర్యాంకుల గొడవలో ఎవరికీ కనబడవు. వార్డెన్ చదవడం లేదంటాడు, ఇంట్లో మొండికేశాడంటారు. ఈలోగా నెలలు గడిచిపోతాయి.

అబ్బాయి చెప్పేది అబద్ధమని వాదించకండి. అతనికవి నిజంగానే వినిపిస్తున్నాయి. అలాగని వంత పాడనూ వద్దు. "నీకు భయంగా ఉంది, నిద్ర పట్టడం లేదు, దానికోసం డాక్టరును కలుద్దాం" అనండి. నిద్ర పేరు చెబితే వచ్చే పిల్లలు చాలామంది. విజయవాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. వెళ్లేలోగా టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. డాక్టరు రక్తపరీక్షలు, ఒక్కోసారి తలకు స్కాన్ రాస్తారు. గంజాయి అలవాటుందా అని కూడా అడుగుతారు, నొచ్చుకోకండి. చిన్న వయసులో గంజాయి బాగా పీల్చేవారికి ఈ ముప్పు ఎక్కువ. మందుల వల్ల వణుకో, బరువు పెరగడమో కనిపిస్తే డాక్టరుకు చెప్పి మోతాదు మార్పించుకోవాలి గానీ మీ అంతట మీరు ఆపకూడదు. నెమ్మదించాక కూడా ఏడాదో రెండేళ్లో వాడాల్సి ఉంటుంది.

మోపిదేవి వెళ్లి దణ్ణం పెట్టుకోండి, కాదనను. ఆసుపత్రికి వెళ్లొచ్చాక వెళ్లండి. ఎక్కడైనా సరే, పిల్లవాడిని కట్టేస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో షెడ్డుకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసిన రోగులు కదల్లేక 28 మంది ప్రాణాలు పోయాయి. మానసిక రోగిని గొలుసుతో కట్టడాన్ని 2017 నాటి చట్టం నిషేధించింది.

ప్రశ్న: అక్టోబరు 10, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు మా యువజన సంఘం తరఫున ర్యాలీ తీద్దామనుకుంటున్నాం. ఇలాంటి ప్రచారాల వల్ల నిజంగా ఉపయోగం ఉంటుందా?
- ఒక పాఠకుడు, అవనిగడ్డ

జవాబు: ఉంటుంది, ఒక్కరోజుతో ముగించకపోతే. నార్వేలోని రోగాలాండ్ ప్రాంతంలో సైకోసిస్ వచ్చినవారిలో సగంమందికి 26 వారాలు గడిస్తే గానీ వైద్యం అందేది కాదు. 1997 నుంచి అక్కడ టిప్స్ పేరుతో పత్రికల్లో, రేడియోలో, సినిమా హాళ్లలో ప్రకటనలిచ్చారు. ఇంటింటికీ కరపత్రాలు పంపారు, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఎవరు ఫోన్ చేసినా ఒక్క రోజులో చూసే బృందాన్ని పెట్టారు. ఆ 26 వారాలు 5కు దిగాయి. పదేళ్ల తర్వాత చూస్తే, ఇలాంటి ప్రచారం లేని ప్రాంతాల కంటే అక్కడే ఎక్కువమంది కోలుకుని పనులు చేసుకుంటున్నారు. మధ్యలో ప్రకటనలు ఆపి, బృందాన్ని మాత్రం ఉంచారు. ఆలస్యం మళ్లీ 15 వారాలకు పెరిగింది. ప్రచారం ఆగకూడదని నేను పట్టుబట్టేది ఇందుకే.

మనకూ ఈ అనుభవం లేకపోలేదు. విజయవాడ పటమటలోని నాస్తిక కేంద్రం వారు 1980లలో బాణామతి భయం పట్టుకున్న మెదక్ జిల్లా పల్లెలకు వైద్యులను వెంటబెట్టుకుని వెళ్లారు. మంత్రగాళ్ల కిటుకులు జనం ముందే చేసి చూపించారు, బాణామతి తగిలిందన్నవారిని పరీక్ష చేయించారు. ఉపన్యాసం ఇచ్చి వచ్చేయలేదు.

మీరు కూడా ర్యాలీ ఖర్చుతో ఊరి ఆర్‌ఎంపీని, ఆశా కార్యకర్తను, లెక్చరర్లను, తాయెత్తులు కట్టేవారిని కూడా ఒకచోట కూర్చోబెట్టండి. జనం ముందుగా తొక్కేది వాళ్ల గడపే. "మానసిక ఆరోగ్యమే మహాభాగ్యం" అనే బ్యానరు చదివితే ఏ తల్లికీ తన కొడుకు గుర్తుకురాడు. "అన్నంలో ఏదో కలిపారంటున్నాడా? ఒంటరిగా మాట్లాడుతున్నాడా? 14416కు ఫోన్ చేయండి" అని రాస్తే గుర్తుకొస్తాడు. ఆ కాగితం బస్టాండులో, రైతుబజారులో, హాస్టల్ నోటీసు బోర్డులో ఏడాది పొడవునా ఉండాలి. "పిచ్చి" అన్న మాట రానివ్వొద్దు. "అపరిచితుడు" సినిమా బొమ్మ వేయొద్దు, అందులో చూపించింది వేరే జబ్బు. భయపెడితే ఇంట్లోవాళ్లు దాచేస్తారు. కోలుకున్నవారెవరైనా తమంతట తాము మాట్లాడతామంటే మైకు ముందు వారికే ఇవ్వండి.

ప్రశ్న: మా తమ్ముడికి ఏడాది క్రితం సైకోసిస్ వచ్చి మందులతో తగ్గింది. పెళ్లి చేస్తే పూర్తిగా కుదురుకుంటాడని పెద్దలంటున్నారు. అవతలివారికి చెప్పాలా?
- ఒక అక్క, గన్నవరం

జవాబు: పెళ్లితో ఈ జబ్బు నయం కాదు. మందులు వాడుతూ, పనిలో నిలదొక్కుకుని, తనే కావాలనుకుంటే చేసుకోవచ్చు. చెప్పే చేయాలి. దాచి చేస్తే కొత్త కాపురంలో మాత్రలు కూడా దాచాల్సి వస్తుంది, నాలుగు రోజులకు ఆపేస్తాడు, జబ్బు తిరగబెడుతుంది. ఆ అమ్మాయికి అన్యాయం చేసినవారవుతారు.

ప్రశ్న: కోడలికి కాన్పయి తొమ్మిది రోజులు. మూడు రాత్రులుగా కంటి మీద కునుకు లేదు. బిడ్డను ఎవరో మార్చేశారంటోంది. బాలింత వాతమని కాయం తినిపిస్తున్నాం. తగ్గుతుందా?
- ఒక అత్తగారు, కైకలూరు

జవాబు: ఉత్తరం అందగానే మీకు ఫోన్లో చెప్పాను. ఇది మిగతావారి కోసం. ప్రసవమైన వెయ్యిమందిలో ఒకరికో ఇద్దరికో, ఎక్కువగా మొదటి రెండు వారాల్లో ఇలా సైకోసిస్ వస్తుంది. తెల్లవారేదాకా కూడా చూడకుండా 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈలోగా తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలొద్దు. బిడ్డ గురించి ఏమన్నా తిట్టొద్దు, ఆ మాటలు జబ్బువి. జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉన్నాయేమో కాన్పు చేసిన డాక్టరు కూడా చూడాలి. సకాలంలో వైద్యం అందితే చాలామంది తేరుకుంటారు. మరో కాన్పులో మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, గర్భం నిలిచిందని తెలియగానే మానసిక వైద్యుణ్ణి కలవాలి.