కిటికీలోంచి కనిపించే కంపెనీ వదిలేసి...

మేడ్చల్ రోడ్డు పట్టుకుంటే కండ్లకోయ, మైసమ్మగూడ, ధూలపల్లి... ఎటు తిరిగినా ఇంజినీరింగ్, ఫార్మసీ కాలేజీల బస్సులే. అక్కడి నుంచి తూర్పుకు వెళ్లి, శామీర్‌పేట దాటి రాజీవ్ రహదారి మీద సాగితే కొల్తూరు, తుర్కపల్లి వస్తాయి. అదే జీనోమ్ వ్యాలీ. భారత్ బయోటెక్, బయోలాజికల్ ఇ వంటి టీకా కంపెనీలు, ఐకేపీ నాలెడ్జ్ పార్క్ అక్కడే ఉన్నాయి. ఔటర్ రింగ్ రోడ్డులో మేడ్చల్ ఎగ్జిట్ తర్వాతిదే శామీర్‌పేట ఎగ్జిట్. ఇంత దగ్గరున్నా ఈ కాలేజీల పిల్లలు చాలామంది ఇంటర్న్‌షిప్ అనగానే అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల వైపు చూస్తారు. ఫీజు కట్టి, నాలుగు వారాలు వీడియోలు చూసి సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. ఆ కాగితం సెమిస్టర్ గట్టెక్కిస్తుందేమో కానీ, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతుంది.

పని నేర్పే పద్ధతి ఎలా ఉంటుందో చూడటానికి దూరం పోనక్కర్లేదు. జవహర్‌నగర్‌లో 2008లో మొదలైన బిట్స్ పిలానీ క్యాంపస్‌లో ప్రాక్టీస్ స్కూల్ అనే ఏర్పాటుంది. పిలానీలో 1973 నుంచే నడుస్తున్న పద్ధతి అది. రెండో ఏడాది అయ్యాక వేసవిలో సుమారు రెండు నెలలు, చివర్లో ఐదున్నర నెలలు విద్యార్థి కంపెనీలో ఉంటాడు. అధ్యాపకులు పర్యవేక్షిస్తారు, గ్రేడు వేస్తారు. ఇందులో అసలు గుట్టు ఆ ఐదున్నర నెలలే. మిగతా కాలేజీల్లో ప్లేస్‌మెంట్ సెల్ కంపెనీని నాలుగు వారాలే అడుగుతుంది. అక్కడే పని చెడుతోంది.

ఎందుకంటే మందుల కంపెనీ కొత్తవాళ్లను నేరుగా తయారీ గదిలోకి పంపదు. మందుల తయారీలో పాటించాల్సిన జీఎంపీ నిబంధనల ప్రకారం ముందు శిక్షణ ఇవ్వాలి, ఆ శిక్షణ రికార్డుల్లోకి ఎక్కాలి. స్టెరైల్ ఏరియాలోకి వెళ్లాలంటే ప్రత్యేక దుస్తులు వేసుకునే గౌనింగ్‌లో విడిగా పాస్ కావాలి. ఇవన్నీ అయ్యేసరికి నెల తిరిగిపోతుంది. నేర్పగానే వెళ్లిపోయేవాణ్ని హెచ్‌ఆర్ ఎందుకు తీసుకుంటారు? ఫైనల్ సెమిస్టర్ ప్రాజెక్టును అక్కడే చేస్తాను, ఆరు నెలలు ఉంటాను అనండి, జవాబు మారే అవకాశం ఉంది. దానికి కాలేజీ నుంచి ఎన్‌ఓసీ కావాలి కాబట్టి హెచ్‌ఓడీని ముందే ఒప్పించుకోండి.

జీనోమ్ వ్యాలీ అంటే మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ వాళ్లదే అనుకోవడం ఇంకో పొరపాటు. టీకా ప్లాంటు నడవాలంటే బాయిలర్, చిల్లర్, ఇంజెక్షన్ గ్రేడు నీళ్ల వ్యవస్థ, గదుల్లో గాలి ఒత్తిడి చూసే హెచ్‌వీఏసీ అన్నీ నడవాలి. అది మెకానికల్, ఈఈఈ వాళ్ల పని. ల్యాబులోని ప్రతి రీడింగూ కంప్యూటర్‌లో ఎవరు దిద్దినా ఆ జాడ తెలిసేలా భద్రమవ్వాలని అమెరికా ఎఫ్‌డీఏ వంటి సంస్థలు పట్టుబడతాయి. ఆ సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించి నమోదు చేసే పని సీఎస్ఈ విద్యార్థి నేర్చుకోదగినది. పైగా దానికి పోటీ తక్కువ. కెమిస్ట్రీ, ఫార్మసీ వాళ్లు నాణ్యత పరీక్షల విభాగమైన క్యూసీని అడగడం మామూలే. నాణ్యత హామీ విభాగమైన క్యూఏలో డాక్యుమెంటేషన్ ఇస్తామంటే మాత్రం ముఖం చిట్లిస్తారు. చిట్లించకండి, ప్లాంటు మొత్తం ఎలా నడుస్తుందో తెలిసేది ఆ ఫైళ్లలోనే.

పెద్ద కంపెనీ గేటు దగ్గరే ఆగిపోతే ఐకేపీ వంటి చోట్ల ఉన్న చిన్న స్టార్టప్‌లను అడగండి. పది మంది ఉన్నచోట పదకొండో మనిషికి నిజమైన పనే దొరుకుతుంది. స్టైపెండ్ తక్కువ ఉండొచ్చు, లేకపోనూ వచ్చు.

డిగ్రీ, డిప్లొమా పూర్తయినవాళ్లకు మరో దారి ఉంది. మన విద్యార్థులు దాన్ని పెద్దగా పట్టించుకోవడం లేదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద, 30 మంది లేదా అంతకు పైగా పనిచేసే సంస్థ తన సిబ్బందిలో కనీసం రెండున్నర శాతం అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. 2019 సవరణ నియమాలు డిగ్రీ వారికి నెలకు కనీసం 9,000, డిప్లొమా వారికి 8,000 రూపాయల స్టైపెండ్ నిర్ణయించాయి. జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం (నాట్స్) కింద కనీస స్టైపెండులో సగం కేంద్రం భరిస్తుంది. నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని, ఆ నంబరుతో హెచ్‌ఆర్‌కు రాయండి. మీరు దయ అడగడం లేదు, కంపెనీ ఎలాగూ నింపాల్సిన ఖాళీని అడుగుతున్నారు. 2024లో వచ్చిన పీఎం ఇంటర్న్‌షిప్ కూడా మొదలైనప్పటి నిబంధనల ప్రకారం రెగ్యులర్ కోర్సులో ఉన్నవాళ్లకు వర్తించలేదు, చదువు అయ్యాకే.

ఇక మెయిల్ సంగతి. "మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో" అంటూ మొదలుపెట్టేవన్నీ ఒకేలా ఉంటాయి. ఏ విభాగం, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, వాడటం వచ్చిన పరికరం ఏది... ఐదు వాక్యాలు చాలు. హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద స్వయంగా శాంపిల్ రన్ చేసి ఉంటే ఆ మాట రాయండి, దూరం నుంచి చూసి ఉంటే చూశాననే రాయండి. తుర్కపల్లికి రోజూ ఎలా వస్తారో కూడా చెప్పండి. మేడ్చల్ దాకా ఎంఎంటీఎస్ 2023లోనే వచ్చింది గానీ శామీర్‌పేట వైపు ఆ రైలు లేదు.

ఇంటర్న్‌షిప్ ఇస్తాం, డిపాజిట్ కట్టమని ఎవరైనా ఫోన్ చేస్తే కట్టకండి. జనవరిలో చేరాలనుకుంటే సెప్టెంబరులోనే మెయిల్ పంపండి.