కొడవలికి తగిన ఉక్కు

పరిగి ప్రాంతమున కందికోతలు సమీపించగానే రైతులు కొత్త కొడవళ్లకై కొలిమికడకు పోవుదురు. బలిసిన కందికాండమునకు మెత్తని ఇనుము ఆగదు. కమ్మరి ఎంత నేర్పరియైనను, ఇనుములో తగినంత కర్బనము లేనిదే పదును నిలువదు. పూర్వము నిజామాబాదు సీమలోని కోనసముద్రపు ఉక్కును పారసీక వర్తకులు వచ్చి కొనిపోయిరి. దాని ఘనతకును కర్బనమే మూలము.

నేడు సులభముగా దొరకునది లారీల పాత కమాను పట్టీ. ఇందు కర్బనము నూటికి సుమారు 0.5 మొదలు 0.6 పాళ్లుండును, ఇండ్లకు వాడు కడ్డీలలో సాధారణముగా 0.3కు మించదు. తాండూరులో నాపరాళ్లు మోయు లారీలను బాగుచేయుచోట్లను, పాత ఇనుప దుకాణములలోను విచారింపుడు.

కొనుటకు ముందు పట్టీనుండి చిన్నముక్కను తీయించి, ఎఱ్ఱగా కాల్చి, నూనెలో ముంచి, ఆకురాతితో రుద్దుడు. ఆకురాయి జారినచో అది ఉక్కు. అరిగినచో మెత్తని ఇనుము. పగులున్న పట్టీని కొనవలదు. తుత్తునాగపు పూతగల రేకును కొలిమిలో పెట్టవలదు. దాని పొగ హానికరము. గట్టిపడిన కొడవలిని మరల ఎండుగడ్డి రంగు వచ్చువఱకు మెల్లగా కాచవలెను. లేనిచో రాయి తగిలినంతనే పెళుసై విరుగును.

సోదరులారా! సభ్యులు పదిమంది కలిసి పట్టీల కట్టను కొని, ప్రతి పట్టీని పరీక్షించి పంచుకొనుడని మేము కోరుచున్నాము. మొద్దు కొడవలివలన నష్టపోవునది దాని వెల మాత్రమే కాదు, కోతదినముల కూలియును.