బాధ్యతాయుత నిర్వహణ విద్య: చట్టం ఒక్కటే చాలదు

ఐక్యరాజ్యసమితి గ్లోబల్ కాంపాక్ట్ అండతో 2007లో మొదలైన బాధ్యతాయుత నిర్వహణ విద్యా సూత్రాలను (పీఆర్‌ఎంఈ) బిజినెస్ స్కూళ్లు స్వచ్ఛందంగానే పాటిస్తాయి. చట్టం ఉండగా ఈ పాఠాలెందుకని కొందరి అభ్యంతరం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, అర్హత గల కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాలి. అయితే ఇది లాభాన్ని ఎలా ఖర్చుపెట్టాలో చెబుతుందే తప్ప ఎలా సంపాదించాలో చెప్పదు. హైదరాబాద్‌కు చెందిన సత్యం కంప్యూటర్స్‌నే చూడండి: 2008లో కార్పొరేట్ గవర్నెన్స్‌కు గోల్డెన్ పీకాక్ అవార్డు అందుకుంది, 2009 జనవరి 7న ఛైర్మన్ లేఖతోనే లెక్కల మోసం బయటపడింది. ఆ బోర్డులో పేరున్న మేనేజ్‌మెంట్ ఆచార్యులూ కూర్చున్నారు మరి! అందుకే నైతికతను విడి పేపరుగా కాక అకౌంటింగ్, ఫైనాన్స్ పాఠాల్లోనే కలపాలి. స్టార్టప్ ప్రణాళిక రాసే విద్యార్థి చేత పదేళ్ల తర్వాతి నీరు, ఇంధనం ఖర్చునూ లెక్క కట్టించాలి.