కార్జం మీది నీటితిత్తి కుక్కకు వేయరాదు

గొర్రెనో మేకనో కోసినప్పుడు కార్జం మీద గోలీకాయంతవి, నిమ్మకాయంతవి తెల్లని నీటితిత్తులు ఉండడం సభ్యులలో చాలామంది చూసే ఉంటారు. తినడానికి పనికిరాదని ఆ ముక్క కోసి, పక్కనే కాచుకొని ఉన్న కుక్కకు విసురుతారు. వ్యాధి మన ఇంటికి వచ్చే దారి అదే.

దీనిని హైడాటిడ్ తిత్తి అంటారు. అందులోని నీటిలో ఇసుక రేణువుల వలె పురుగు తలలు వేలకొద్దీ ఉండవచ్చును. కుక్క పచ్చిగా తింటే అవి దాని చిన్నపేగుకు అంటుకొని బద్దెపురుగులవుతాయి. బద్దెపురుగంటే మూరెడు పొడవు అనుకోవద్దు. ఇది 3 నుండి 6 మిల్లీమీటర్లే. ఆరేడు వారాలలో గుడ్లు విడవడం మొదలుపెడుతుంది. కుక్క మాత్రం హుషారుగానే తిరుగుతుంది.

మలంతో బయటపడిన గుడ్లు కంటికి కనిపించవు. తడి, నీడ ఉన్నచోట నెలల తరబడి బతుకుతాయి. గడ్డితో పాటు గేదె కడుపులోకి పోతే గేదెకు తిత్తి. కుక్కను నిమిరి, చేయి కడగకుండా అన్నం తిన్న పిల్లవానికీ తిత్తే. కార్జంలోనో, ఊపిరితిత్తులలోనో అది ఏళ్లతరబడి చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది. లోపల పగిలితే ప్రాణం మీదికి రావచ్చును. స్కానింగులో బయటపడిన తరువాత ఆల్బెండజోల్ వాడుకయో, ఆపరేషనో అవసరం కావచ్చును. మన దేశంలో ఈ వ్యాధి ఎక్కువగా కనిపించే ప్రాంతాలలో ఆంధ్రప్రదేశ్ పేరు వైద్యులు చెబుతూనే ఉంటారు.

పాల ద్వారా వస్తుందా అని సభ్యులు అడుగుతారు. రాదు. తిత్తి ఉన్న గేదె పాలలో ఈ పురుగు ఉండదు. మాంసం తిన్నందువల్ల కూడా మనిషికి తిత్తి రాదు. గుడ్లు వచ్చేది కుక్క నుండే. అందుచేత గేదెను అనుమానించి అమ్ముకోనక్కరలేదు. పాలు పితికే ముందు చేతులు కడగడం, దాణా తొట్టిలోనికి కుక్కను రానీయకపోవడం మాత్రం తప్పనిసరి. కేంద్రం వద్ద క్యాన్ల చుట్టూ తిరిగే కుక్కను చూసి ముచ్చటపడేవారున్నారు. నాకది నచ్చదు.

పాల్వంచ, కిన్నెరసాని వైపు అడవి అంచు గ్రామాలలో ఇంకొక చిక్కు ఉన్నది. చచ్చిన దూడను, గొర్రెను ఊరి బయట పడవేస్తే రాత్రికి ఊరకుక్కలతో పాటు నక్కలు కూడా తింటాయి. అవి మలం వేసిన చోటనే మర్నాడు మన మంద మేస్తుంది. కళేబరాన్ని కుక్క తవ్వలేనంత లోతు గోతిలో పాతవలెను. జాతరలకు, పండుగలకు కోసినప్పుడు కూడా తిత్తులున్న భాగాలు గోతిలోనికే పోవలెను. కుక్కకు పెట్టక తప్పదంటే అరగంటకు తగ్గకుండా ఉడికించండి.

డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు హరాల్డ్ క్రాబె 1863లో ఐస్‌లాండ్ దీవికి వెళ్లి పరీక్షించగా కుక్కలలో నాలుగో వంతుకు పైగా ఈ పురుగు కనిపించింది. ఆయన వ్రాసిన చిన్న పుస్తకాన్ని ఇంటింటికీ పంచారు. తిత్తులను కుక్కలకు అందనీయకపోవడం, కుక్కలకు మందు వేయడం అక్కడ కట్టుబాటయింది. తరువాతి శతాబ్దంలో ఆ దీవి నుండి వ్యాధి తొలగిపోయింది.

కుక్క మందు విషయంలో జాగ్రత్త అవసరం. ఏలికపాములకు వేసే పిపెరజిన్ దీనికి పనిచేయదు. ప్రాజిక్వాంటెల్ కావాలి. మోతాదు కుక్క బరువును బట్టి పశువైద్యుడు చెబుతారు. ఒకసారి వేసి ఊరుకుంటే చాలదు, మళ్లీ తిత్తి తింటే మళ్లీ పురుగే. ఈ మందు పురుగును చంపుతుంది గాని గుడ్లను చంపదు. కాబట్టి మందు వేసిన రెండు మూడు రోజులు కుక్కను కట్టివేసి, మలాన్ని పారతో ఎత్తి కాల్చివేయవలెను, లేదా లోతుగా పాతవలెను.