పిక్క పట్టేస్తే భయపడకుండా ఉండాలంటే

ఎండాకాలం సెలవులు రాగానే ఒంగోలు ఇళ్లల్లో ఈత మాట మొదలవుతుంది. కొందరు పిల్లల్ని ఈతకొలనులో చేరుస్తారు. కొందరు అమ్మమ్మగారి ఊరికి పంపి, చేలో బావిలోనో సాగర్ కాలవలోనో మేనమామ చేత నేర్పిస్తారు. ఆదివారం కొత్తపట్నం సముద్రానికి తీసుకుపోయేవాళ్లూ ఉన్నారు. నేర్పించడం మంచిదే. కానీ కాళ్లాడించడం, చేతులాడించడం నేర్పేవాళ్లు, నీళ్లలో ఉండగా పిక్క పట్టేస్తే ఏం చేయాలో చాలాసార్లు చెప్పరు. ఈత బాగా వచ్చిన పిల్లలకూ పిక్కలు పడతాయి. అందుకని ఆ సంగతి మీరే చెప్పి పంపాలి.

నీళ్లు తన్నేటప్పుడు పిల్లలు పాదాన్ని సాచి, వేళ్లు బిగపట్టి ఉంచుతారు. అప్పుడు పిక్క కండరం కురచగా ముడుచుకుని ఉంటుంది. అలసిపోయిన కండరం చేత అదే పనిగా అలా పని చేయిస్తే గట్టిగా బిగుసుకుని వదలదు. అరికాలు పట్టేయడం, వేళ్లు మెలితిరగడం కూడా ఇలాంటివే. మన పిల్లలు మధ్యాహ్నం దాకా ఎండలో క్రికెట్ ఆడి, చెమటలు కారుతుండగానే పోయి నీళ్లలో దూకుతారు. అలా పరిగెత్తేవాణ్ని ఆపండి. ఉప్పేసిన మజ్జిగ తాగించి, అరగంట నీడన కూర్చోబెట్టి, పిక్కలు సాగదీయించి పంపండి. మజ్జిగ తాగితే పిక్క పట్టదని ఖాయంగా చెప్పలేం. అలుపు తీరడం మాత్రం ముఖ్యం. అన్నం తిని దిగితే మునిగిపోతారన్న భయం మాత్రం అక్కర్లేదు. అమెరికన్ రెడ్ క్రాస్ నిపుణులు 2011లో పరిశీలించి, దానికి ఆధారం లేదని తేల్చారు. కడుపు బరువుగా ఉంటే కాసేపు ఆగమనండి, చాలు.

పిక్క పట్టడం వల్ల ప్రాణం పోదు. చాలాసార్లు ఒకటి రెండు నిమిషాల్లో అదే వదులుతుంది. ప్రమాదమంతా ఆ నొప్పికి బెదిరి పిల్లవాడు నీళ్లలో కొట్టుకోవడంలో ఉంది. కాబట్టి మొదట చెప్పాల్సింది: నొప్పి రాగానే ఈదడం ఆపెయ్, వెల్లకిలా తేలు, నిండా ఊపిరి తీసుకో. ఊపిరితిత్తుల్లో గాలి ఉంటే ఒళ్లు తేలుతుంది. ఆ తర్వాత మోకాలు చాచి, మడమను దూరంగా తోస్తూ, కాలివేళ్లను మోకాలివైపు లాగాలి. చేత్తో అందితే బొటనవేలు పట్టుకుని లాగొచ్చు. అందుకోబోతే మునుగుతున్నట్టుంటే, చేతులు నీళ్లలో మెల్లగా ఆడిస్తూ పాదాన్ని మాత్రం అలా వంచినా చాలు. రాత్రిళ్లు పిక్క పట్టి మనం కేకపెడితే అమ్మమ్మ వచ్చి బొటనవేలు పైకి లాగేది కదా, ఆమె చేసింది సరైన వైద్యమే. తొడ ముందుభాగం పడితే మడమను పిరుదు దగ్గరికి మడవాలి. తొడ వెనక పడితే కాలు చాచాలి.

నొప్పి వదిలాక మళ్లీ ఈదాలని పిల్లలు ఆరాటపడతారు. వద్దనండి. ఒకసారి పట్టిన కండరం మళ్లీ పట్టేస్తుంది. ఆ కాలితో తన్నకుండా, వెల్లకిలా చేతులతోనే మెల్లగా ఒడ్డుకు రావాలి. ఆ పూటకి ఈత చాలు.

ఇదంతా నోటితో చెబితే సరిపోదు. ముందు ఇంట్లో మంచం మీద పడుకోబెట్టి చేయించండి. తర్వాత ఛాతీలోతు నిలకడ నీళ్లలో, మీరు పక్కన ఉండి, పిక్క పట్టినట్టు నటించమనండి. ఆట లాగే ఉంటుంది. నాకే ఈత రాదే అని అమ్మలు వెనకాడొద్దు. సామర్లకోటకు చెందిన గోలి శ్యామల నలభై దాటాక ఈత నేర్చుకుని, 2021లో పాక్ జలసంధిని ఈదారు.

ఇంకో మాట కూడా చెప్పండి. నొప్పి వస్తే సిగ్గుపడకుండా పైకి అరవమనండి. తోటివాళ్లు వెక్కిరిస్తారని మగపిల్లలు దాచుకుంటారు. నిజంగా మునిగిపోయేవాడికి అరిచే శక్తి ఉండదు, చప్పుడు లేకుండానే నీళ్లలోకి పోతాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచమంతా కలిపి సుమారు 3 లక్షల మంది నీళ్లలో మునిగి చనిపోయారు. ఒడ్డున ఉన్న పెద్దవాళ్లు ఫోను జేబులో పెట్టి, కళ్లు నీళ్ల మీదే ఉంచాలి.

సాగర్ కాలవలో ఈత నేర్పొద్దని నా గట్టి మాట. సిమెంటు వాలు మీద పాచి పట్టి కాలు నిలవదు, నీటి వేగానికి పట్టు దొరకదు. అక్కడ పిక్క పడితే పెద్దవాళ్లే నిలదొక్కుకోలేరు. కొత్తపట్నంలో మోకాలిలోతు దాటనివ్వొద్దు.

పిల్లవాడు మునుగుతుంటే ఈత రానివాళ్లు దూకకండి. తాడు, కర్ర, చీరకొంగు, ఏది అందితే అది విసరండి. బయటికి తీశాక తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కడం, ఉప్పులో పూడ్చడం లాంటివి చేయనివ్వకండి. ఊపిరి లేకపోతే నోటితో ఊపిరి ఇస్తూ, ఛాతీ నొక్కుతూ, పక్కవాళ్ల చేత వెంటనే 108కి ఫోన్ చేయించండి. ఆ ఊపిరి ఇచ్చే పద్ధతిని ఈ వేసవికి ముందే తెలిసిన డాక్టరు దగ్గరో నర్సు దగ్గరో, ఇంట్లో ఇద్దరైనా నేర్చుకోండి.