కట్టకు ఇవతల, కట్టకు అవతల

నల్గొండ జిల్లాలోని హాలియా పరిసరాలు పైపైన చూసేవారికి చదునుగానే తోస్తాయి. నీటికి మాత్రం అక్కడి నేల చదును కాదు. ఎక్కడ జానెడు వాలు ఉన్నదో, ఎక్కడ మూరెడు మెరక ఉన్నదో దానికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. గుట్టల మీద కురిసిన వాన వంపుల వెంట జారి కుంటలోకి చేరుతుంది. కుంట నిండి అలుగు పోస్తే దిగువ చెరువులోకి, ఆ చెరువు నిండితే వాగులోకి, వాగు నుంచి కృష్ణానదిలోకి సాగిపోతుంది. హాలియా వాగు అలా కృష్ణలో కలిసే ఉపనదులలో ఒకటి. నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్టలలోని వాగులు అనేకం ఏడాదిలో అధిక భాగం ఎండి ఉండి, కొన్ని గంటల గట్టి వానకే ఒడ్డులొరసి పారుతాయి. ఇసుకలో ఆడుకొన్న పిల్లలే మరునాడు ఆ వాగును దాటలేక బడి మానవలసి వస్తుంది.

ఈ నీటిబాటకు అడ్డంగా మనిషి మూడు రకాల కట్టలు కట్టాడు. మొదటిది చెరువు కట్ట. అది వందల ఏండ్ల నాటిది. రెండవది కాలువ కట్ట. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీటిని విడుదల చేశారు. లాల్ బహదూర్ కాలువ అనే పేరుగల ఎడమ కాలువ హాలియా ప్రాంతం మీదుగానే సాగుతుంది. మూడవది రోడ్డు కట్ట. నకిరేకల్ నుంచి నల్గొండ, హాలియా, నాగార్జునసాగర్ మీదుగా మాచర్ల వైపు వెళ్లే 565వ నంబరు జాతీయ రహదారి ఈ కోవలోనిది.

చెరువు కట్ట నీటిని ఆపడానికి, కాలువ కట్ట నీటిని నడపడానికి పుట్టాయి. రోడ్డు కట్టకు నీటితో పని లేదు. అది బండ్ల కోసం పుట్టింది. కాని నీరు ఈ భేదాన్ని పాటించదు. అడ్డం వచ్చినదేదైనా దానికి కట్టే. చెరువు కట్టిన పెద్దలు నిండుకుండ తొణికే చోటు ముందే ఎంచి అక్కడ అలుగు పెట్టారు. కాలువ తవ్విన ఇంజనీర్లు ఎదురైన వాగు వాగుకూ కాలువ కింది నుంచో పై నుంచో దారి వదిలారు. రోడ్డుకు అలుగు ఉండదు. కల్వర్టులు, వంతెనలు మాత్రమే దాని తూములు. వాటి వెడల్పు చాలినంత కాలం రోడ్డు రోడ్డుగానే ఉంటుంది. చాలని రోజున అది అలుగు లేని చెరువు కట్ట అవుతుంది.

పూర్వం వాగుల మీద ఉన్నవి అధికంగా ఎత్తు తక్కువైన చప్టాలే. వరద వస్తే నీరు చప్టా మీదుగా పొర్లిపోయేది. బస్సు ఆగిపోయేది, ప్రసవ వేదన పడే స్త్రీని ఆసుపత్రికి చేర్చడం కష్టమయ్యేది, దాటబోయి కొట్టుకుపోయిన వారూ ఉన్నారు. కనుక రోడ్డును ఎత్తు చేయాలని ప్రజలే అర్జీలు పెట్టుకొన్నారు. ఆ కోరికలో తప్పేమీ లేదు. రోడ్డు ఎత్తయింది, బస్సు ఆగడం మానింది. నీరు రోడ్డు మీదుగా పోవడమూ మానింది. ఎగువ వాడలో మోకాటిలోతు నిలిచే నీరు నడుము దాకా వచ్చిందని అక్కడివారు, ఆ ఏడు వానే అంత కురిసిందని అధికారులు చెప్పడంతో వివాదం మొదలవుతుంది. తెలుగు నేల మీద రహదారి విస్తరణ జరిగిన చోట్ల తరచుగా వినిపించే వాదం ఇది.

ఇందులోని శాస్త్రం కఠినమైనది కాదు. వెడల్పుగా పరచుకొని వచ్చే వరద ఇరుకైన వంతెన కింద దూరవలసి వస్తే దాని వేగం పెరగాలి. ఆ వేగానికి కావలసిన బలం కోసం ఎగువన నీటిమట్టం కొంత పైకి లేస్తుంది. ఇలా అదనంగా లేచిన ఎత్తును ఇంజనీర్లు అఫ్లక్స్ అంటారు. వంతెన నమూనా గీసేటప్పుడు దీనిని లెక్క కట్టడం వారి వృత్తిధర్మం. అయితే అదే అరడుగు అన్ని చోట్లా ఒకే ఫలితం ఇవ్వదు. నిటారు వాలున్న చోట ఆ పెరుగుదల కొద్ది దూరంలోనే అణగిపోతుంది. చదునైన చోట అదే అరడుగు ఎకరాలకు ఎకరాలు వెనుకకు పాకి, గడప దాటని నీటిని గడప దాటిస్తుంది. కల్వర్టు నోటికి కంప, గుర్రపుడెక్క, ప్లాస్టిక్ చెత్త అడ్డుపడితే కాగితం మీది లెక్క ఎందుకూ కొరగాదు. నిజానికి అనేక వివాదాలలో దోషం కల్వర్టు కొలతది కాదు, దానిని ఎవరూ శుభ్రం చేయకపోవడానిది.

రోడ్డు కట్ట మీద మరొక గోడ కూడా ఉంటుంది. ఎదురెదురు వాహనాలు గుద్దుకోకుండా నడుమ కట్టే కాంక్రీటు డివైడరు అది. మనుషుల ప్రాణాలు కాపాడేందుకు కట్టిన ఆ గోడ నీటికి ఏమవుతుందన్న ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. టెక్సస్ రాష్ట్రంలో పదవ నంబరు అంతర్రాష్ట్ర రహదారిని తుపాను వేళ జనం తరలిపోయే మార్గంగా ఉంచాలని ప్రభుత్వం సంకల్పించి, దాని నడుమ సుమారు మూడడుగుల ఎత్తున ఎడతెగని కాంక్రీటు గోడ కట్టింది. 2017లో హార్వీ తుపాను, 2019లో ఇమెల్డా తుపాను వచ్చినప్పుడు దక్షిణం వైపు బాట తెరిచే ఉన్నది. ఉత్తరం వైపు పొలాలు, ఇండ్లు మునిగాయి, పశువులు చచ్చాయి. గోడ ఆనకట్టగా పనిచేసి తమ భూమిని చెరువు చేసిందని, పదిమంది మేలు కోసం తమ ఆస్తిని వాడుకొన్నారు గనుక పరిహారం ఇవ్వాలని అక్కడి రైతులు వాదించారు. 'డెవిలియర్ వర్సెస్ టెక్సస్' అనే ఆ వ్యాజ్యంలో 2024 ఏప్రిల్ 16న న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. గోడే ముంచిందని ఆ తీర్పు తేల్చలేదు. ఆ రాష్ట్ర చట్టం కిందనే పరిహారం కోరే మార్గం ఉన్నది గనుక రైతులు తమ వాదాన్ని ముందుకు నడుపుకోవచ్చునని మాత్రమే అన్నది. అంత పోరాటానికి దక్కినది వాదించుకొనే హక్కు.

ఇటువంటి వివాదం తెలుగువారికి కొత్తది కాదు. నేటి చిత్తూరు జిల్లాలోని కార్వేటినగరం జమీందారీలో చెరువులు తెగి, ఆ వరదకు మద్రాసు రైల్వే కంపెనీ వారి మార్గం దెబ్బతిన్నది. కంపెనీ జమీందారు మీద దావా వేసింది. అది లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా పోయి 1874లో తేలింది. తన నేల మీద నీరు నిలువ చేసుకొన్నవాడు ఆ నీరు తప్పించుకొని చేసిన నష్టానికి బాధ్యుడు అనే సూత్రం అప్పటికి ఆరేండ్ల కిందటనే ఇంగ్లండులో స్థిరపడి ఉన్నది. ఆ సూత్రం ఇక్కడ వర్తించదని కౌన్సిల్ అన్నది. ఆ చెరువులు అనాదిగా ఉన్నవి, ప్రజల సాగుకు ఆధారమైనవి, వాటిని కాపాడవలసిన బాధ్యత జమీందారు మీద ఉన్నది. అతడి అజాగ్రత్త రుజువు కానప్పుడు నష్టపరిహారం ఇవ్వనక్కరలేదని తీర్పు వచ్చింది. నిన్న వచ్చిన రైలుకట్ట అనాదిగా ఉన్న చెరువును నేరస్థానంలో నిలబెట్టబోయి ఓడిపోయిందన్నమాట.

అటు తర్వాత 1890 నాటి రైల్వే చట్టం ఒక మేలైన మాట చెప్పింది. రైలుకట్ట కట్టక మునుపు చుట్టుపట్ల భూముల నీరు ఎంత స్వేచ్ఛగా వచ్చి పోయేదో, కట్టిన తరువాత కూడా వీలైనంత వరకు అంతే స్వేచ్ఛగా పోయేటట్లు తూములు, కాలువలు ఏర్పాటు చేయాలని శాసించింది. 1989 చట్టంలోనూ ఆ నియమం నిలిచింది. 'మునుపు' అన్న మాటలోనే చిక్కంతా ఉన్నది. మునుపు నీరు ఎట్లా పోయేదో కొలిచి రాసిపెట్టిన కాగితం ఊళ్లో సాధారణంగా ఉండదు. ముసలివారి జ్ఞాపకమే ఉంటుంది. న్యాయస్థానంలో జ్ఞాపకానికి ఉన్న బరువు తక్కువ.

1922లో ఉత్తర బెంగాల్ వరదలలో మునిగినప్పుడు రైలుకట్టలే నీటిని ఆపాయని ప్రజలు ఆగ్రహించారు. సహాయ కార్యక్రమాలకు నాయకత్వం వహించిన రసాయన శాస్త్రవేత్త ప్రఫుల్ల చంద్ర రాయ్ కూడా వారి పక్షాన గొంతు ఎత్తారు. ఇంజనీర్లు మాత్రం వరదను నిలువరించే భారీ జలాశయాలు కట్టాలని ఆలోచించారు. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్‌ను సంప్రదించగా ఆయన 1870 నుంచి 1922 వరకు గల వర్షపాతాన్ని, వరదలను పక్కపక్కన పెట్టి పరిశీలించారు. ఆ జలాశయాల వల్ల ప్రయోజనం లేదని, కావలసినది నీరు త్వరగా బయటికి పోయే మార్గమని తేల్చారు. ఇరుపక్షాల కేకల నడుమ అర్ధశతాబ్దపు అంకెలు పలికిన సందర్భమది.

తెలంగాణలో ఈ ప్రశ్న నష్టపరిహారంతో ఆగలేదు, ప్రాణాలు తీసింది. 1956 సెప్టెంబరు 2 రాత్రి జడ్చర్ల, మహబూబ్‌నగర్ నడుమ వంతెన కూలి రైలు పడిపోగా నూరుమందికి పైగా మరణించారు. నాటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇవ్వజూపారు, నెహ్రూ అంగీకరించలేదు. కొద్ది నెలలకే అరియలూరు ప్రమాదం జరిగినప్పుడు ఆయన పట్టుబట్టి తప్పుకొన్నారు. హాలియా పక్కన పారే కాలువ పేరు ఆ మనిషిదే. 2005 అక్టోబరు 29 వేకువన నల్గొండ జిల్లా వలిగొండ సమీపంలో ఒక్కసారిగా వచ్చిన వరదకు చిన్న వంతెన కొట్టుకుపోయింది. ఆ సంగతి తెలియక వచ్చిన డెల్టా ప్యాసింజరు అందులో పడి నూరుమందికి పైగా చనిపోయారు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం, ఇంటికన్నె నడుమ కట్ట మట్టి, కంకర కోసుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. ఆ చిత్రాన్ని చూసినవారికి ఒక వైపు నిలిచిన నీరు ఎంత బరువో వేరే చెప్పనక్కరలేదు.

రహదారులూ మినహాయింపు కావు. 2021 నవంబరులో పెన్నా వరదకు నెల్లూరు సమీపాన 16వ నంబరు జాతీయ రహదారి తెగింది. హైదరాబాదు, విజయవాడలను కలిపే 65వ నంబరు రహదారి 2023 జులైలో ఐతవరం వద్ద మున్నేటి వరదలో మునిగి వాహనాలు నిలిచిపోయాయి. 2024 సెప్టెంబరు మొదట్లో ఆ మార్గంలోనే పాలేటి వరద రాకపోకలను స్తంభింపజేసింది. ఇటువంటి ప్రతి సందర్భం తరువాత రోడ్డును ఇంకా ఎత్తు చేయాలన్న కోరిక వస్తుంది. ఎత్తు పెంచి తూము పెంచకపోతే మునిగేది ఈసారి రోడ్డు కాదు, పక్క ఊరు.

ఇన్ని వివాదాలలో నిజం తేల్చడానికి పనికివచ్చే సాక్ష్యం ఒకటున్నది. అది చవకైనది కూడా. వరద ఉన్న సమయంలోనే కట్టకు రెండు వైపులా నీటి ఎత్తును ఒకే గడియలో గుర్తించాలి. ఎగువన నాలుగడుగులు, దిగువన అడుగున్నర ఉంటే కట్ట నీటిని ఆపుతున్నట్లే. రెండు వైపులా సమానంగా ఉంటే దోషం కట్టది కాదు. దిగువ వాగు ఇరుకైనదో, నది ఎగదన్నుతున్నదో అయి ఉంటుంది. నీరు తీసిన మరునాడు గోడల మీది బురద చార కూడా చాలావరకు ఈ సంగతి చెబుతుంది. సున్నం వేసేలోగా దానిని కొలవాలి. ఆ పైన రోడ్డు ఉన్నట్లు ఒకసారి, లేనట్లు ఒకసారి లెక్క కట్టి చూస్తే వానపాలు ఎంతో, కట్టపాలు ఎంతో విడదీయవచ్చు. ఆ లెక్కలో మూడవ పాలు కూడా బయటపడుతుంది. చెరువు శిఖంలో వెలసిన ప్లాట్లు, వాగు ఒడ్డు దాకా జరిగిన గోడలు, పూడ్చిన అలుగు కాలువ దానిలోనివి. ఫిర్యాదు చేసినవారి ఇల్లే ఒక్కొక్కసారి ఆ శిఖంలో ఉంటుంది. అంతమాత్రాన కట్ట నిర్దోషి కాదు.

లెక్క తేలి, కట్టదే తప్పని ఒప్పుకొని, అదనంగా మరో రెండు కల్వర్టులు వేశారనుకొందాం. ఎగువ వాడ ఊపిరి పీల్చుకొంటుంది. అంతవరకు కట్ట చాటున ఉండి, చాలినంత నీరే దిగుతుండగా మడి కట్టుకొన్న దిగువ రైతు చేనులోకి ఇప్పుడు వాగు తన పూర్వపు వెడల్పుతో వస్తుంది. మండల కార్యాలయంలో తరువాతి అర్జీ అతడిది.